పొడి ఉప్పులో వెలగని బల్బు

నేను పాసయ్యాను. డిగ్రీ పూర్తయింది. మా ఇంట్లో పేరు పక్కన బీఎస్సీ అని రాసుకోబోయే మొదటిదాన్ని నేనే. రిజల్ట్ ఇందాకే ఫోన్‌లో వచ్చింది. నమ్మకం చాలక మూడుసార్లు చూశాను.

క్రితంసారి అన్నీ పాసై కెమిస్ట్రీ ప్రాక్టికల్ ఒక్కటే పోయింది. రెండు గాజు గిన్నెల్లో తెల్లటి పొడులు ఇచ్చి, ఏది అయానిక్ పదార్థమో ఏది కోవలెంటో తేల్చమన్నారు. పక్కనే బ్యాటరీ, చిన్న బల్బు, రెండు వైర్లు. అయానిక్ అయితే కరెంటు పోతుందని నాకు కంఠతా వచ్చు. మొదటి పొడిలో వైర్లు గుచ్చాను, వెలగలేదు. రెండోదాంట్లోనూ వెలగలేదు. రెండూ కోవలెంటే అని రాసి వచ్చేశాను. అందులో ఒకటి మామూలు ఉప్పు, రెండోది పంచదార పొడి.

మాది నరసాపురం దగ్గర, సముద్రం ఒడ్డు. నాన్న వేటకి వెళ్తాడు. అమ్మ చేపలకి ఉప్పు పట్టించి, ఎండబెట్టి అమ్ముతుంది. జరిగింది అమ్మకి చెప్పాను.

"నాలిక మీద వేసుకుంటే తెలిసేది కదే."

"ల్యాబులో ఏదీ నోట్లో పెట్టకూడదమ్మా."

"పోనీ చేత్తో చూసినా తెలీలేదా?"

"పొడిపొడిగా ఇసకలా ఉందమ్మా."

"పొడిగా ఉండే ఉప్పేంటే? నేనింతవరకూ చూళ్ళేదు."

నేనూ చూడలేదు. సముద్రం గాలికి మా ఉప్పు ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది. ఒకసారి ఫ్యాన్ వైరు తెగి ఉప్పు కుప్ప మీద పడితే, ఆ కుప్ప ముట్టుకున్న నాన్నకి షాక్ కొట్టింది. ఉప్పులో కరెంటు పోతుందనడానికి నాకు వేరే రుజువు అక్కర్లేకపోయింది.

మా మేడంగారు తర్వాత విడమరిచి చెప్పారు. ఉప్పులో ఒక పరమాణువు ఎలక్ట్రాన్ ఇచ్చేస్తుంది, రెండోది తీసుకుంటుంది. అలా ఏర్పడిన అయాన్లు పొడి ఉప్పులో బిగుసుకుని కదలవు. తడి తగిలితే విడిపోయి కరెంటుని మోస్తాయి. పంచదారలో పరమాణువులు ఎలక్ట్రాన్లని పంచుకుంటాయి. నీళ్ళలో కరిగినా అందులో అయాన్లుండవు, అందుకే బల్బు వెలగదు.

భీమవరంలో రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షించే ల్యాబులో, డిగ్రీ చూపిస్తే ఉద్యోగం ఇస్తామన్నారు. ఈసారీ పోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి వెళ్ళిపోయేది.

మళ్ళీ రెండు తెల్లపొడులే ఇచ్చారు. పొడిగా పెడితే రెండింట్లోనూ బల్బు వెలగలేదు. కంగారు పడలేదు. విడివిడిగా డిస్టిల్డ్ వాటర్‌లో కలిపాను. ఒకదాంట్లో వెలిగింది. ఇంకొంచెం తీసి వేడి చేశాను. వెలగనిది ఇట్టే కరిగి గోధుమరంగుకి తిరిగింది. వెలిగినది ఎంత కాచినా అలాగే ఉంది. పొడిగా ఉన్నప్పుడు బల్బు ఎందుకు వెలగలేదో ముందు రాసి, మిగతాది తర్వాత రాశాను.

రిజల్ట్ అమ్మకి చెప్పేశాను. "ఆ ల్యాబు వాళ్ళకి చెప్పావా మరి?" అంది, చేపలు తిరగేస్తూనే.

ఇంకా ఫోన్ చెయ్యాల్సింది: భీమవరం ల్యాబుకి. మేడంగారికి. కడియం నర్సరీలో పనిచేసే పెద్దమ్మకి, మధ్యాహ్నం అన్నానికి కూర్చున్నప్పుడు. నాన్నకి, పడవ ఒడ్డుకొచ్చి సిగ్నల్ అందాక. నాతోపాటే ప్రాక్టికల్ పోయిన రాజమండ్రి అమ్మాయికి. తనదేమైందో ముందు అడగాలి.