నొప్పి తగ్గిన మనిషి

చేవెళ్ల నుంచి పట్నం పోయే బస్సులో నా పక్కన ముడిమ్యాల రైతు ఒకాయన, ఆయన భార్య కూర్చున్నారు. పొద్దున్నుంచి ఆయనకు ఛాతీలో నొప్పి వచ్చి పోతోందని, దవాఖానకు తీసుకుపోతున్నానని ఆమె చెప్పింది. ఐటీ కంపెనీలు వచ్చాక ఆ దారి నిండా ఇసుక లారీలు, ప్లాట్లు చూడటానికి వచ్చినవాళ్ల కార్లు. బస్సు ఆగి ఆగి నడుస్తోంది.

మొయినాబాద్‌లో ఆయన, "తక్కువైంది, దిగి ఇంటికి పోదాం" అని లేచాడు.

నేను డాక్టర్ని కాను. గుండె మీద పరిశోధన చేసే ల్యాబ్‌లో పనిచేసేవాణ్ణి. రక్తం కాసేపు అందక మళ్లీ అందినప్పుడు గుండె పెప్టైడ్లనే చిన్న ప్రొటీన్ ముక్కలను నెత్తుట్లోకి వదులుతుందని, అవి ఒంటికి అది పంపే సంకేతాలని తెలిసినవాణ్ణి. ఊరుకోలేకపోయాను.

"దిగకు బాపు. నెత్తురు జరసేపు ఆగినా గుండె ఊకోదు. నాకు కష్టమొచ్చిందని ఒంటికి కబురు పంపుతది. నొప్పి పోయినా ఆ కబురు నెత్తుట్ల ఉంటది. పరీక్ష చేస్తే తెలుస్తది."

ఆయన నవ్వాడు. "నా గుండె నాకు చెప్పకుంట ఒంటికంత చెప్తదా సారూ?"

ఆమె చెయ్యి పట్టుకుని లాగినా విడిపించుకుని దిగిపోయాడు. వెంట దిగిన ఆమె నా కిటికీ దగ్గరికొచ్చింది. అప్పటికే ఆయన రోడ్డు దాటుతున్నాడు.

"సారూ, గా మాట మల్లొక్కసారి చెప్పు. ఆయనకు ఇనపడేటట్టు జర గట్టిగ చెప్పు."

బస్సు కదిలింది. తల బయటపెట్టి అరిచాను. లారీల మోతలో నా గొంతు నాకే వినపడలేదు.

వాళ్లేమయ్యారో నాకు తెలియలేదు. నొప్పి తగ్గిందని ఎవరన్నా, ఇప్పటికీ నాకు ధైర్యం కలగదు.