జైనబీ కేక

జైనబీకి మెల్లగా మాట్లాడటం రాదు. మస్కట్‌లో మేం అర్బాబ్ అని పిలిచే యజమాని ఇంటి వంటగదిలో ఆమె ఉప్పు అడిగితే, పక్క విల్లావాళ్లు ఉప్పు పట్టుకొచ్చేవారు.

ఆ ఇంట్లోనే అర్బాబ్ తల్లి ముసలమ్మను చూసుకునే నర్సును నేను. "కాస్త మెల్లగా మాట్లాడవే" అంటే, "మెల్లగానే కదా సిస్టరమ్మా చెప్తాండా!" అని వీధి దద్దరిల్లేలా చెప్పేది. తప్పు ఆమెది కాదు. కడప జిల్లాలో మంచె మీద నిలబడి జొన్నచేల పిట్టల్ని తోలిన గొంతు అది. నాలుగు చేల అవతలి మంచె మీది ఆడవాళ్లతో కష్టసుఖాలన్నీ కేకల్లోనే చెప్పుకునేవారట. మంచె కేకకు బదులివ్వకపోతే అక్కడ పెద్ద తప్పు.

ఆ గొంతును ప్రేమించింది సగం చెవుడున్న ముసలమ్మ ఒక్కతే. మిగతావాళ్లది ఒకే మాట: "ఖలాస్, జైనబీ!" ఇక చాలించమని.

2008 జనవరిలో అర్బాబ్ కుటుంబం ఒమన్ ఉత్తరపు కొసన ముసందంలో తెరచాప పడవ ఎక్కింది. కొండల మధ్యకు చొరబడిన సన్నటి సముద్రపాయలు, ఎముకలు కొరికే గాలి, పడవ తప్ప దారిలేని పల్లెలు. నీళ్లంటే భయం, చలంటే మంట ఉన్న జైనబీ, తననూ తీసుకెళ్లమని అర్బాబ్ భార్య మేడమ్ కాళ్లావేళ్లా పడింది.

"నోరెత్తితే ఖసబ్ రేవులోనే దింపేస్తా" అంది మేడమ్.

"నాకు నోరే లేదనుకోండి మేడమ్!" అని అరిచింది జైనబీ. రేవులో పక్షులన్నీ లేచిపోయాయి.

నాకు మాత్రం అసలు సంగతి రహస్యంగా, అంటే పడవంతా వినేటట్టు, తెలుగులో చెప్పింది. వాళ్ల ఊరి పిల్ల హుస్నా ఈ పాయల్లోనే ఎక్కడో ఇంటిపనికి కుదిరింది. అక్కడ ఫోను అందదు. ఏడాదిగా కబురు లేదు. "ఏ పల్లెనో తెలీదు సిస్టరమ్మా. వాళ్లమ్మ బువ్వ మానేసింది."

అర్బాబ్ ఇంజను ఆపించి తెరచాప ఎత్తించాడు. నా పళ్లు టకటకలాడటం నాకే వినిపించేంత నిశ్శబ్దం. మొదటి పల్లె కనబడగానే జైనబీ లేచింది.

"ఓ... మ్మే...! బువ్వ తిన్న్యావా...?"

"...న్న్యావా...?" అంది కొండ. పడవలో అర్బాబ్ పిల్లలు చప్పట్లు కొట్టారు.

"ఖలాస్, జైనబీ!"

"కొండ పలుకుతాదేమో చూస్తాండా మేడమ్!"

రెండో పల్లె దగ్గరా అదే కేక, అదే కొండ. ఈసారి మేడమ్ ఖలాస్‌తో ఊరుకోలేదు. "ఇంకోసారి అరిస్తే నీ ఊరికి టికెట్టే."

మా పాస్‌పోర్టులు అర్బాబ్ బీరువాలో ఉండేవి. జైనబీకి ఫోను పెట్టుకునే అనుమతి లేదు. ఎవరూ లాక్కుని తాళం వేయలేకపోయింది ఆ గొంతుకొక్కదానికే. మూడో పల్లె దగ్గర ఆమె శాలువా విసిరేసి, ఆ గొంతును మొత్తం బయటికి తీసింది.

"ఓ... మ్మే...! తిన్న్యావా...?"

కొండ కాసేపు ఆలోచించింది.

"ఇంగా లేదక్కా...! నువ్వో...?"

పిల్లలు తల్లి వెనక నక్కారు. ఒడ్డున మేకల మధ్య ఒక నల్లచుక్క చేతులూపుతోంది.

గాలి బాగుంది, పోదామన్నాడు అర్బాబ్. ముసలమ్మ చేతికర్రతో పడవ చెక్కను టంగుమనిపించింది. "నాకే వినపడిందిరా, నీకు వినపడలేదా? ఆపు!"

చాప దిగింది.

"మీయమ్మకు ఏం చెప్పాల్నే...?"

"బాగుండానని చెప్పక్కా...!" నల్లచుక్క నీళ్ల అంచుదాకా వచ్చింది. "ఇంటికి రావాలనుండాదని చెప్పు...! జొన్న కోసినారా...?"

"కోసినారు మే...! మీ ఎర్రెద్దు కొమ్ము ఇరిగింది...!"

"అయ్యో...! ఏ కొమ్ము...?"

ఇద్దరూ కలిసి సముద్రాన్ని జొన్నచేను చేసేశారు. పొద్దు కొండ వెనక్కి వాలేదాకా మేడమ్ ఒక్కసారి కూడా ఖలాస్ అనలేదు. కింద పడ్డ శాలువా తీసి జైనబీకి కప్పింది.

ఖసబ్ చేరాక హుస్నా తల్లికి నా ఫోను కలిపి జైనబీ చేతికిచ్చాను. అప్పటికి జైనబీ గొంతు పూర్తిగా పోయింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గుసగుసలాడింది: "మీ పిల్ల బాగుండాది మా... నేను జైనబీని..."

అవతలి కేక నాకూ వినిపించింది.

"యాడి జైనబీవే నువ్వు? మా జైనబీ అయితే ఫోను లేకుండానే వినపడతాది!"