లాభం, రెండు, మూడు

దూరాన ఉన్న నా మనవలు కూడా చదువుతారని ఈ సంగతి రాస్తున్నాను. ఎప్పుడూ గొంతు పెంచి ఎరగని నేను కిందటేడు వనపర్తిలో ఒక బడి గదిలో నిలబడి అరిచాను.

మా ఇళ్లలో గింజలు కొలిచేటప్పుడు మొదటి శేరును ఒకటి అనం, లాభం అంటాం. నేను పల్లీలు కొలుస్తుంటే పక్కన కూర్చుని, నాలుగేళ్ల మనవరాలు నవ్య అట్లాగే లెక్క నేర్చుకుంది.

ఆ రోజు దాన్ని తీసుకురావడానికి వెళ్తే, పిల్లలంతా రంగుపూసలు లెక్కపెడుతున్నారు. నవ్య ఒక్కతే గోడ వైపు తిరిగి నిలబడింది. అరచెయ్యి ఎర్రగా కందింది.

"ఏమైందమ్మా?" అని టీచరును మెల్లగానే అడిగాను.

"ఒకటి అనమంటే లాభం అంటది. ఎంత చెప్పినా ఇనది. ఇదేమన్న మార్కెట్ యార్డా, అవ్వా?"

పిల్లలు "లాభం, లాభం" అని నవ్వారు.

"పూసలు తప్పు లెక్కపెట్టిందా?"

"లెక్క సరిగ్గనే ఉంది గానీ..."

"సరిగ్గుంటే బిడ్డను ఎందుకు కొట్టినవ్? చెయ్యెట్ల లేచింది నీకు?"

నా కేక విని హెడ్మాస్టరు పరుగున వచ్చాడు. "జర మెల్లగ, పెద్దమ్మా!"

"బిడ్డను కొట్టేటప్పుడు ఈమెకు చెప్పినవా సారూ, జర మెల్లగ అని?"

సాయంత్రం నవ్య ముందు చింతగింజలు పోశాను. చేతులు వెనక్కి దాచుకుంది. దగ్గరికి జరిగి నా చెవిలో అడిగింది, "అవ్వా, ఇంట్ల లాభం అన్నా కొడ్తరా?"

నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. పిల్లల చేతికి పూసలిచ్చేది భయం లేకుండా లెక్క నేర్వాలనే కదా! ఆ చేతుల మీదే కొడితే ఇక వాళ్లు దేనితో లెక్కపెడతారు?