దివిసీమలో గ్రేస్ కొట్టించిన గంట

గ్రేస్‌కు వాళ్ళమ్మ ఫోన్ చేసిన మర్నాడు మేమిద్దరం బయల్దేరాం. గ్రేస్ గుడివాడ హాస్టల్లో నా గదిలోనే ఉంటుంది. కామెరూన్ నుంచి చదువుకోవడానికి వచ్చింది. ఆ దేశానికి ఫ్రెంచి, ఇంగ్లీషు రెండూ అధికార భాషలు. ఇంగ్లీషు ప్రాంతంలో కొందరు తమకు వేరే దేశం కావాలని తుపాకులు పట్టారు, బడులు మూసేయమన్నారు. సైన్యం దిగింది. గ్రేస్ వాళ్ళ నాన్న బడిపంతులు. బడి మూతపడ్డాక కూడా ఇంటి వరండాలో పిల్లలకు పాఠాలు చెప్పాడు. ఒక ఉదయం ఎవరో వచ్చి ఆయన్ను తీసుకెళ్ళారు. మేం కాదంటే మేం కాదని రెండు వైపుల వాళ్ళూ అన్నారు. రెండో ఏడు నడుస్తోంది. ఆయన ఇక లేడనుకుని ప్రార్థన జరిపిద్దామని వాళ్ళమ్మ అడుగుతోంది. పెద్దబిడ్డయిన గ్రేస్ సరే అననిదే వాళ్ళింట్లో అది జరగదు. గ్రేస్ ఫోన్ పెట్టేసింది, అన్నం మానేసింది. ఓదార్చడం నాకు చేతకాదు. దివిసీమలో ఉన్న మా చిన్నమ్మమ్మ, అంటే మా అమ్మమ్మ చెల్లెలు, గుర్తొచ్చింది. ఆవిడ భర్త డెబ్భై ఏడు ఉప్పెనలో కొట్టుకుపోయాడు. శవం దొరకలేదు.

గుడివాడలో పొద్దున్నే పాసింజరు ఎక్కితే గంటకు కాస్త అటూఇటూగా బందరు చేరతాం. స్టేషన్ నుంచి ఆటోలో బస్టాండుకు వెళ్ళి ఇడ్లీ తిన్నాం. నేనే తిన్నాను, గ్రేస్ టీ తాగింది. అక్కణ్ణుంచి చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డ బస్సు. అవనిగడ్డలో చిన్నమ్మమ్మ వాళ్ళ ఊరికి షేర్ ఆటో, మనిషికి ముప్పై రూపాయలు.

"ఈ అమ్మాయిది ఏ దేశమండీ?" అన్నాడు డ్రైవరు. దేశం పేరూ, అక్కడి భాషల గొడవా చెప్పాను. "భాష కోసం దేశాన్నే చీలుస్తారా? మనం కూడా భాష కోసమే మద్రాసు నుంచి విడిపోయాంగా."

మోపిదేవి గుడి నుంచి ప్రసాదంతో వస్తున్న ఒకావిడ వెనక నుంచి అంది. "తర్వాత ఒకే భాషయినా విడిపోయాంగా బావా. విడిపోవాలంటే వంకలకేం తక్కువ."

అందరూ నవ్వారు. నేను గ్రేస్‌కు చెప్పాను. "మా నాన్నకు ఆ రెండూ పరాయి భాషలే. ఇంట్లో మేం మాట్లాడేది మూడోది," అంది. అది వాళ్ళకు తెలుగులో చెప్పేసరికి ఊరొచ్చింది.

చిన్నమ్మమ్మ చేపల పులుసు వండి ఉంచింది. "ముందు తినండి. ఏడవడానికీ ఓపిక కావాలి," అంది. గ్రేస్ తింది. తర్వాత చిన్నమ్మమ్మ చెప్పింది, నేను ఇంగ్లీషులో అందించాను.

"మా ఊళ్ళో మనిషి పోతే చర్చి గంట కొడతారమ్మా. విన్నవాళ్ళు పని ఆపుకుని వస్తారు. ఉప్పెనలో దొరకనివాళ్ళకు మాత్రం ఇంటివాళ్ళు కొట్టమంటేనే కొట్టారు. ఆ మాట నన్ను అనమన్నారు."

"ఎప్పుడన్నారు?" అని అడిగింది గ్రేస్.

"చాలా ఏళ్ళు అనలేదు. కొడితే ఇక రాడేమోనని నా భయం. నా కొడుక్కి గంట కొట్టించవే అని మా అత్తగారు అడిగీ అడిగీ పోయింది. ఆవిడకు కొట్టిన రోజే ఆయనకూ కొట్టించాను. వినాల్సిన మనిషేమో పెట్టెలో ఉంది."

"అప్పుడు మీ మనసు కుదుటపడిందా?"

"లేదమ్మా. ఇప్పటికీ కుక్క మొరిగితే గుమ్మం వైపు చూస్తాను."

గ్రేస్ నా వైపు తిరిగింది. మా నాన్నకు ఇక్కడ కొడతారా, అని అడగమంది.

చర్చి దగ్గర పాస్టరు అయ్యగారు తటపటాయించారు. "ఊరి మనిషి కాదు కదమ్మా. వచ్చినవాళ్ళకు ఏం చెప్పను?"

"మా ఇంటికొచ్చిన పిల్లండీ," అంది చిన్నమ్మమ్మ. "ఆ పిల్ల తండ్రి మాకు పరాయివాడా?"

ఆయన తాడు పట్టుకుని గ్రేస్ వైపు చూశారు. గ్రేస్ తలూపింది.

కోతలైపోయి చేలల్లో కుప్పలు వేస్తున్నారు. గంట ఆగకముందే మనుషులు గట్లమీదుగా వచ్చేశారు. తలపాగాల్లో గడ్డిపరకలు, కాళ్ళకు మట్టి. "ఎవరండీ పోయింది?" అని ఒకాయన అడిగాడు. నేను చెప్పబోతే గ్రేస్ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"మా నాన్న," అంది, తెలుగులో.

ఆడవాళ్ళు ఆమెను నేలమీద కూర్చోబెట్టి చుట్టూ కూర్చున్నారు. ఏ ఊరని ఎవరూ అడగలేదు.

సాయంత్రం తిరుగు బస్సులో వాళ్ళమ్మకు ఫోన్ చేసి ఆ మూడో భాషలో మాట్లాడింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పెట్టేశాక "సరేనన్నాను," అంది. కొత్త దేశం వస్తుందో రాదో నాకు తెలియదు. వచ్చినా ఆ వరండా ఏ వైపున ఉంటుందో పటంలో వెతకాలని నాకిప్పుడు లేదు. ఆమెను అక్కడికి తీసుకెళ్ళి మంచి చేశానో లేదో కూడా తెలియదు. ఇప్పుడు మా గది తలుపు ఎవరు తట్టినా తను ఉలిక్కిపడి చూస్తుంది.

అటు వెళ్ళేవాళ్ళు చీకటి పడకముందే అవనిగడ్డ చేరుకోండి, ఆ తర్వాత షేర్ ఆటోలు దొరకవు. ఇంకొక్క మాట. ఆ ఊరి చర్చి వాకిట్లో గంట తాడు చేతికందే ఎత్తులోనే ఉంటుంది. ఫొటో కోసమైనా లాగకండి. పనులు ఆపుకుని మనుషులు వచ్చేస్తారు.