రెండు మామయ్య ఎంచుకున్న కెమెరా

మా వీధి మలుపులో ఫొటో స్టూడియో నడిపే ఆయనను పిల్లలంతా రెండు మామయ్య అంటారు. ఆయన ఎప్పుడూ మూడు దాకా లెక్కపెట్టడు. "అందరూ కళ్ళు మూసుకోండి. ఒకటి... రెండు అనగానే తెరవండి" అంటాడు. రెండు అన్నాక, రెప్పలు లేచిన ఆ క్షణంలో మీట నొక్కుతాడు. అందుకే బడిలో తరగతి ఫొటో తీస్తే నలభై మందిలో ఒక్కరి కళ్ళూ మూసి ఉండవు. ఇరవై రెండేళ్ళుగా ఆ బడి ఫొటోలు ఆయనవే. ఏ తల్లైనా వచ్చి "మావాడు ప్రతి ఫొటోలోనూ కళ్ళు మూస్తాడండీ" అని దిగులుపడితే, "వాడి కళ్ళ సంగతి నాకు వదిలెయ్యమ్మా" అంటాడు. ఆ మాటతో ఆవిడ ముఖం తేటపడుతుంది. ఎవరికి ఏ చిన్న పని అప్పగించాలో దేవుడికి తెలుసు.

ఈసారి బడి ఫొటోలకు వారం ఉందనగా ఆయన కెమెరా పాడైపోయింది. బాగుచేసే మనిషి దాన్ని విప్పి చూసి, మళ్ళీ బిగించి, మెత్తటి గుడ్డలో చుట్టి చేతికిచ్చాడు. "దీనికిక సామాన్లు దొరకవు సార్. నిండుగా బతికింది" అన్నాడు.

సంగతి తెలిసి ప్రధానోపాధ్యాయిని మంచి మనసుతోనే అడిగింది. "పోనీ, ఈ ఒక్కసారికీ మీ తోడల్లుడిగారితో తీయించమంటారా?"

ఆ మాట ఆయన గుండెలో ముల్లులా దిగింది. "సోమవారానికి కెమెరాతో వస్తానమ్మా" అనేసి వచ్చేశాడు.

తోడల్లుడంటే ఆయన భార్య చెల్లెలి భర్త. పన్నెండేళ్ళు చిన్నవాడు. అదే వీధికి అటు చివర అతని స్టూడియో. పోయిన నెలలో కొత్తగా వచ్చిన మధ్యరకం కెమెరా కొన్నాడు. తేలిగ్గా ఉంటుంది. మనిషి కన్ను ఎక్కడుందో అదే వెతికి పట్టుకుంటుంది. కొన్ననాడే ఇంటికి తెచ్చి, "మొదటి ఫొటో మీదే వదినా" అంటూ రెండు మామయ్య భార్యను తీశాడు. ఆవిడ ఆ ఫొటోను అద్దం పక్కన పెట్టుకుంది. రోజూ తల దువ్వుకుంటుంటే ఈయనకు తన ముఖంకంటే ముందు అదే కనిపించేది. ఇన్నేళ్ళలో తాను తీసిన ఏ ఫొటోలోనూ భార్య అంత కళగా లేదనిపించేది.

"ఆ ఫొటో తీసి లోపల పెట్టరాదూ? ఎండకి వెలిసిపోతుంది."

"అక్కడ ఎండ ఎప్పుడు పడిందండీ?" అందావిడ.

మర్నాడు కెమెరాల దుకాణానికి వెళ్ళాడు. "మా తోడల్లుడు కొన్నదానికంటే ఒక మెట్టు పైది ఉందా?"

"ఆ రకంలో అదే పైది సార్. కావాలంటే మీకు మెళ్ళో వేసుకునేందుకు ఎర్ర పట్టీ వేసి ఇస్తాను" అన్నాడు దుకాణదారు.

ఈయన ఆ ఎర్ర పట్టీని కాసేపు చేత్తో పట్టుకుని చూసి, రేపు చెప్తానని బయటపడ్డాడు.

ఇంకో దారి కూడా ఉంది. పత్రికలో ఫొటోలు తీసి రిటైరైన ఒక పెద్దాయన తన కెమెరాను ఇచ్చేస్తానన్నాడు. అది పదేళ్ళనాటిది, పేరున్న ఫొటోగ్రాఫర్ల కోసం చేసింది. ఇటుకంత బరువు. అంచుల్లో రంగు పోయి లోహం మెరుస్తోంది. చేతిలోకి తీసుకుని మీట నొక్కితే ఠక్కుమంది. వేలికీ ఆ చప్పుడుకీ మధ్య దూరమే లేదు. ఈయన ప్రాణం లేచొచ్చింది.

"ఇంత మంచిదాన్ని ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదా బాబాయిగారూ?"

"నేనే మీ తోడల్లుణ్ణి అడిగాను. వద్దన్నాడయ్యా."

రెండు మామయ్య కెమెరాను బల్లమీద పెట్టేశాడు. "వాడు వద్దన్నది నాకంటగడతారా?" అని చెప్పులేసుకున్నాడు.

ఇంటికొచ్చి, కొత్తదే కొంటానని భార్యతో అన్నాడు.

"కొనుక్కోండి. ముందోసారి చెల్లెలింటికెళ్ళి వాళ్ళ కెమెరాతో ఫొటో తీసి చూడండి. చెప్పులు కొన్నా తొడిగి చూస్తాం కదా."

కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళాడు. తోడల్లుడు కెమెరా తెచ్చి ఆయన మెళ్ళో వేశాడు. మరదలూ పిల్లలూ పక్కింటివాళ్ళూ మెట్లమీద కూర్చున్నారు. ఎండ మొహాన పడుతోంది. ఒకటి, రెండు. కళ్ళు తెరుచుకున్నాయి. నొక్కాడు. ఫొటోలో మాత్రం అరడజను మందిలో నలుగురి రెప్పలు సగం వాలి ఉన్నాయి. మళ్ళీ తీశాడు. మళ్ళీ అంతే.

"బావగారూ, మేమేమైనా నిద్రపోతున్నామా?" అంది మరదలు.

"తప్పు అన్నయ్యది కాదులే" అన్నాడు తోడల్లుడు. "ఇందులో కనిపించేది తెరమీది బొమ్మ. పిసరంత వెనక నడుస్తుంది. అన్నయ్య నొక్కేసరికి రెప్పలు మళ్ళీ వాలుతున్నాయి. నాకు తేడా తెలీదు. అన్నయ్య వేలికి తెలుస్తుంది. అందుకే, మనిషిని సూటిగా చూపించే ఆ పెద్ద కెమెరా నాకొద్దు, అన్నయ్యకి ఉంచండని పెద్దాయనతో చెప్పాను. నా పేరెత్తొద్దన్నాను కూడా."

"పేరెత్తితే ఏం?"

"మీరు తీసుకోరుగా. ఎర్ర పట్టీ దాకా వెళ్ళొచ్చారట."

రెండు మామయ్య చెవులు కూడా ఎర్రబడ్డాయి. తిన్నగా పెద్దాయన ఇంటికి నడిచాడు. బల్లమీద కెమెరా అలాగే ఉంది. పెద్దాయన దాని పట్టీ ఉతికి ఆరేసి ఉంచాడు.

సోమవారం బడిలో తోడల్లుడే స్టాండు మోసుకొచ్చాడు. నలభై మంది పిల్లలు. ఒకటి, రెండు, ఠక్. ఎనభై కళ్ళూ తెరిచే ఉన్నాయి. పక్కన నిలబడి తోడల్లుడూ ఒకటి తీశాడు. అందులో ముగ్గురు కళ్ళు మూశారు. అది చూసి రెండు మామయ్యకు లోపల హాయిగా అనిపించింది. అంతలోనే నీడలో కూర్చున్న పిల్లల ముఖాలు ఆ ఫొటోలోనే తేటగా ఉన్నాయని కనిపెట్టి, ఆ హాయి కాస్తా పోయింది.

"రెండు అన్నాక ఎంతసేపు ఆగుతారన్నయ్యా?"

"అది చెప్తే వచ్చేది కాదు" అనేశాడు. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. దారంతా తలొంచుకు నడిచాడు. తోడల్లుడు స్టాండు భుజం మార్చుకుంటూ వెనకే వస్తున్నాడు. వాళ్ళ గుమ్మం దగ్గర ఈయన ఆగాడు.

"రెండు అన్నాక మనసులో అమ్మా అనుకో తమ్ముడూ. ‘అ’ దగ్గరే నొక్కెయ్. ‘మ్మా’ దాకా పోనివ్వకు."

ఆ సాయంత్రం భార్యను కిటికీ పక్కన కూర్చోబెట్టి ఒక ఫొటో తీశాడు. నాలుగు రోజులకు అది కూడా అద్దం పక్కకు చేరింది. తోడల్లుడు తీసింది ఎక్కడిదక్కడే ఉంది. ఈయనది మాత్రం దానికంటే బెత్తెడు పైన ఉంది.