కిటికీ బయటి వైరు

నారాయణగూడ చౌరస్తాలో వానకు చాయ్ హోటల్ చూరు కింద నిలబడి ఆ పిడుగు చప్పుడు విన్నాను. ఎవరి కొంప మీద పడిందో అనుకున్నాను కూడా. చిక్కడపల్లిలో మా గల్లీ మొదట్లోకి రాగానే తెలిసింది, పడింది మా ఇంటి మీదే. పై వాటా సార్ పోయారు.

సార్ వైర్‌లెస్ ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యారు. ఆయనింట్లో కంప్యూటర్ ఉంది, ఫోన్ లైను లేదు. అశోక్‌నగర్‌లో ఉండే దోస్తుకు ఫోనూ ఇంటర్నెట్టూ రెండూ ఉన్నాయి. ఇద్దరి దగ్గరా సందేశాలు పంపే రేడియో సెట్లు, వాటికి లైసెన్సులూ ఉన్నాయి. అక్కడి ఇంటర్నెట్‌ను గాలిలోంచి ఇక్కడికి పట్టుకొస్తానని సార్ మిద్దె మీద ఇనుప గొట్టం నిలబెట్టి, దాని కొసన యాంటెన్నా బిగించారు. గాలి వీస్తే ఆ గొట్టం మూలిగేది. నాకు మొదటినుంచీ అదంటే భయమే. "అందరి ఇండ్లకంటె ఎత్తుల నిలబెట్టిండ్రు, మొగులు కండ్లల్ల పడదా?" అని సార్ భార్య, మా ఆంటీ, అంటూనే ఉండేవారు.

"ఉరుము వినకముందే వైరు తీయాలె. విన్నంక తీసేదేం లేదు, దేవునికి మొక్కుడే" అని సార్ నవ్వేవారు. మబ్బు పట్టగానే, గొట్టం నుంచి దిగే వైరును రేడియోలోంచి పీకి కిటికీ బయట పడేసేవారు. అది వేలాడితే గల్లీ ఆడవాళ్లకు కబురందినట్టే. బట్టలు, వడియాలు లోపలికి పోయేవి. "సార్, ఇంటర్నెట్ రాలే గని వాన మాత్రం మంచిగ వస్తున్నది" అని నేను ఆటపట్టించేదాన్ని. ఆయనకు కోపం వచ్చేది కాదు. నాకు కంప్యూటర్ నేర్పింది ఆ కిటికీ దగ్గరే. అడిగిందే అడిగినా విసుక్కోని మనిషి.

ఆ మధ్యాహ్నం సంగతి తర్వాత ఆంటీ చెప్పారు. నెలల తరబడి ఇంటర్నెట్ జాడే లేని కంప్యూటర్ తెర మీద మొదటిసారి అశోక్‌నగర్ నుంచి అక్షరాలు వచ్చాయట, ఒక్కో వరుసా మెల్లగా.

"మొగులైంది, వైరు తీయుండ్రి అన్న. జర ఆగు, సగం వచ్చింది, ఇప్పుడు తీస్తె తెగిపోతది అన్నరు. ఉరిమినంక తీయబోయిండ్రు."

చేయి వైరు మీదే ఉందట. ఆ రోజు కిటికీ బయట వైరు వేలాడలేదు కాబట్టి గల్లీలో ఎవరూ బట్టలు తీయలేదు. నేను వచ్చేసరికి అన్ని మిద్దెల మీదా తడిసిన చీరలు అలాగే ఉన్నాయి. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. అందరికీ నేర్పిన మాట ఆయనే తప్పారు.

కర్మకాండలయ్యాక అశోక్‌నగర్ దోస్తు వచ్చి గొట్టం దింపేస్తానన్నారు.

"మీ దిక్కు రేడియో మిషను బంద్ చేసిండ్రా?" అని అడిగారు ఆంటీ.

"లేదమ్మా. ఇంక ఇక్కడి రేడియోను పిలుస్తనే ఉన్నది. బంద్ చేద్దామంటె చెయ్యి ఆడ్తలేదు."

"మరి ఇదీ ఉండనీయుండ్రి."

నిన్న సాయంత్రం కవాడిగూడ వైపు నుంచి మబ్బు లేచింది. గొట్టం మూలగడం మొదలుపెట్టింది. పై కిటికీ తెరుచుకుంది. మాడిపోయిన వైరు కొస పట్టుకుని ఆంటీ చేయి బయటికి వచ్చింది, దాన్ని వదిలేసి లోపలికి పోయింది. ఇంకా ఉరమలేదు. గల్లీలో ఆడవాళ్లందరూ వైరును ఒక్కసారి చూసి, మళ్లీ తలెత్తకుండా బట్టలు తీసుకున్నారు.