జానీబీకీ ఒక వంతు
శ్యామలాంబ పంతులమ్మకు పిల్లలంటే ప్రాణమని ఊరంతా అనేది. నిజానికి సాయంత్రమయ్యేసరికి ఆవిడకు ప్రాణం విసిగిపోయేది. పెదకాకాని దగ్గరి ఆ పల్లెలో బాలబడి పెట్టిన ఏడు, 1959లో, ఆవిడ పంతులమ్మగా వచ్చి చేరింది.

జుబేదా బడి పక్క మిరపకల్లంలో తొడిమలు తీసే కూలికి పోతూ ఆరేళ్ల కూతురు జానీబీని బడిలో దింపేది. ఆ పిల్లకు వయసుకు తగ్గ బుద్ధి ఎదగలేదు. మాటలు నాలుగైదుకు మించి రావు.

"ఓ మూల కూచోబెట్టండి పంతులమ్మగారూ, దాని పాటికి అదుంటది" అంది తల్లి.

శ్యామలాంబకు అది నచ్చలేదు. తొక్కుడుబిళ్ల ఆడిస్తే జానీబీ గీతలన్నీ కాలితో చెరిపేసింది. ఖోఖోలో ఎవరి వీపు తట్టినా తనే లేచి పరిగెత్తింది. చివరికి పిల్లలే ఓ ఉపాయం చేశారు. దొంగ తరిమి ముట్టుకునే ఆటలో జానీబీని అరటిపండు చేశారు. ఆటలో ఉంటుంది, లెక్కలో ఉండదు. పాపం, కేకలు వేస్తూ పరిగెత్తేది, ఎవరూ తరిమేవారు కాదు. చూసి చూసి శ్యామలాంబకు ఒళ్లు మండింది.

"ఇవాళ్టి నుంచి అరటిపండ్లు లేవు. దొరికితే జానీబీ కూడా దొంగే!"

"దానికేం తెలుసండీ? ఆటంతా పాడవుద్ది" అన్నాడు పీరు, అందరిలోకీ చురుకైనవాడు.

"పాడైతే అవనీ!"

దొంగ ముట్టుకోగానే జానీబీ నేలమీద పడి ఏడ్చింది. ఆ ఏడుపు విని కల్లంలోంచి జుబేదా పరిగెత్తుకొచ్చింది.

"నవ్వుతా తిరిగేదాన్ని ఏడిపించారు గదండీ!"

"మీకెందుకమ్మా ఈ తంటా?" అన్నారు అటుగా వచ్చిన పెద్దబడి హెడ్మాస్టరు లక్ష్మీనరసింహంగారు.

"నాకూ తెలియడం లేదండీ!" అని విసురుగా లోపలికి పోయింది శ్యామలాంబ. అయినా మర్నాడు మళ్లీ అదే ఆట పెట్టింది. మళ్లీ ఏడుపే. జానీబీ చెయ్యి పట్టుకుని తనే పరిగెత్తుతూ "వాణ్ణి ముట్టుకోవే!" అని అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంది.

ఒకనాడు దొంగైన జానీబీ ఉన్నట్టుండి పీరు వెంటపడింది. పక్కనే నిలబడ్డవాళ్లను కన్నెత్తి చూడలేదు. బడి చుట్టూ తిరిగి తిరిగి అలసిన పీరు నీళ్లకుండ దగ్గర ఆగగానే వీపుమీద ఒక్కటి చరిచింది.

"తొండి! నీళ్లు తాగేటప్పుడు ముట్టుకోగూడదు!"

"తొండి నువ్వే!" అంది జానీబీ. ఆ మాట ఎప్పుడు నేర్చిందో!

ఇద్దరూ జుట్లు పట్టుకున్నారు. పిల్లల్లో సగం మంది జానీబీ పక్షాన కొట్లాటకు దిగారు. తీర్పు చెప్పమని అందరూ మీద పడుతుంటే శ్యామలాంబకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"ముట్టుకుంది గదరా. నువ్వే దొంగవి" అని పీరును మళ్లీ ఆటలోకి తోసింది.

ఆ తరవాత రోజూ ఇలాంటి తగవులే. ఓ మధ్యాహ్నం జుబేదా మళ్లీ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఎన్నిసార్లు పిలిచినా అన్నానికి రావట్లేదండీ ఇది. ఆటే ఆట!"

"అదీ నా నెత్తినే వేస్తావుటే!" అంది శ్యామలాంబ.